వెంట వచ్చు ఇల్లు

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మన పెద్దలు చెప్పిరి. కట్టిన ఇంటికి చక్రములు తగిలించి ఊరూర త్రిప్పి చూడుమని మాత్రము వారు చెప్పలేదు. ఆ సాహసమునకు పూనుకొన్నవారి కథను పాఠకులకు చెప్పవలెనని మా సంకల్పము. పడక, వంటయిల్లు, నీళ్లతొట్టి, దీపము, పుస్తకముల బీరువా - వీనినన్నింటిని తనలో ఇముడ్చుకొని తానే నడచు మోటారు ఇండ్లును, కారు వెనుక తగిలించుకొని లాగుకొనిపోవు ఇండ్లును నేడు పలు దేశములలో లక్షలకొలది ఉన్నవి. వానిని గూర్చి వెలువడు పత్రికలును తక్కువ కావు. ఏ పొయ్యి మంచిది, ఏ పరుపు మెత్తనిది, కిటికీ ఎంత వెడల్పు ఉండవలెను అను చర్చ వానిలో విరివిగా కానవచ్చును. అయితే ఈ ఇండ్ల చరిత్రను విప్పి చూచిన కొలది మాకు మరియొక ప్రశ్న ముందుకు వచ్చి నిలుచుచున్నది. ఇంత సంసారమును లాగునది ఎవరు? లాగుట కెంత శ్రమపడుదురు?

మన దేశమున పూర్వము దూరప్రయాణమునకు బయలుదేరినవారి వెంట ఇల్లు రాలేదు. ఇంటిలోని వారందరును వచ్చిరి. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో ప్రధాన ద్విభాషిగా ఉండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న కాశీయాత్రకు బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరిరి. పోవునపుడు తిరుపతి, కడప, శ్రీశైలము, హైదరాబాదు, నాగపూరుల మీదుగా ప్రయాగకును కాశికిని పోయిరి. వచ్చునపుడు గయ, కలకత్తా, జగన్నాథము చూచుకొని, విశాఖపట్టణము, రాజమహేంద్రవరము, నెల్లూరు త్రోవను వచ్చిరి. వారి వెంట నూరుమంది వరకు జనము. పల్లకీలు, బోయీలు, గుడారములు, వంటసామగ్రి, అన్నియు కదలవలసినదే. 1838లో అచ్చయిన వారి కాశీయాత్రచరిత్రను చదివినవారు, ఏ మజిలీలో మంచినీరు దొరకును, ఏ ఊర సరకులు లభించును, ఏ యేరు ఎట్లు దాటవలెను అను విషయములను ఆయన ఎంత ఓపికతో వ్రాసిరో ఎరుగుదురు. వెనుక వచ్చు బాటసారికి అది దారిదీపము. అయినను పల్లకిలోని సుఖమునకు వెల చెల్లించినవి బోయీల భుజములు. ఆ సంగతి ఆ కాలమున అందరికిని కన్నులకు కనబడుచుండెడిది. లాగువారు, మోయువారు ఎదుటనే ఉండిరి.

మా బాల్యమున మా తాతగారికి గూడు బండి ఒకటి ఉండెడిది. సంవత్సరమున కొకమారు ఇంటిల్లిపాదిని ఎక్కించుకొని తిరునాళ్లకు తీసికొనిపోయెడివారు. అడుగున వరిగడ్డి, దానిపైని బొంత, మూలను మంచినీళ్ల కడవ, వెనుక వంటపాత్రల గంప. ఈ సామాను సర్దుటలో ఆయన మాట కెదురులేదు. మా నాయనమ్మ బియ్యపు మూటను వెనుకకు నెట్టినచో ఆయన మరల ఇరుసు మీదికి జరిపెడివారు. బరువంతయు ముందునకు వచ్చినచో నొగ క్రుంగి ఎడ్ల మెడలు పుండ్లు పడును. వెనుకకు పోయినచో కాడి పైకిలేచి ఎడ్ల గొంతులు పట్టును. ఇరుసు మీద బరువు నిలిపి, కొంచెము మాత్రము ముందునకు మొగ్గునట్లు ఉంచవలెను - అని చెప్పెడివారు. అది పల్లెటూరి బండివాని మాటయని అప్పుడు మేము నవ్వుకొంటిమి. ఆ మాటతో మాకు మరల పనిపడును.

ఇంటినే లాగించు ఊహ మన దేశమును రంగస్థలముగా చేసికొని ఫ్రాన్సుదేశమున ముందుగా ఒక నవలగా అవతరించుట చిత్రము. 1880లో జూల్స్ వెర్న్ ఆవిరియిల్లు అను అర్థము వచ్చు పేరుతో ఒక నవల వ్రాసెను. ఉక్కుతో చేసిన ఏనుగు ఒకటి, దాని కడుపులో ఆవిరి యంత్రము, దాని వెనుక చక్రములు గల రెండు ఇండ్లు. ముందటి దానిలో దొరలు, వెనుక దానిలో పరిజనులును వంటయిల్లును. ఈ బలగము కలకత్తా నుండి బయలుదేరి ఉత్తర హిందూస్థానమున సంచరించును. వెర్న్ మన దేశమునకు రానే లేదు. కాని నూరుమంది బోయీలు చేయు పనిని ఒక యంత్రమునకు అప్పగించి, ఇంటిని సుఖముగా కదల్చవచ్చునను ఆశ ఆ కథలో స్పష్టముగా ఉన్నది. కథలోని ఏనుగునకు అలసట లేదు. నిజమైన గుఱ్ఱమునకు ఉండును. ఇది మరి 5 ఏండ్లకు ఇంగ్లండులో రుజువైనది.

డాక్టరు గోర్డను స్టేబుల్సు అను స్కాట్లండుదేశీయుడు బ్రిటిషు నౌకాదళమున వైద్యుడుగా ఉండి, ఆరోగ్యము చెడి ఉద్యోగము మానుకొని, బాలురకు సాహసగాథలు వ్రాసి జీవించుచుండెను. నివాసము బెర్కుషైరులోని ట్వైఫర్డు. 1885లో ఆయన బ్రిస్టలు నగరపు బండ్ల కార్ఖానావారిచేత ఒక ఇల్లు కట్టించుకొనెను. దానికి వాండరరు, అనగా సంచారి, అని పేరు పెట్టెను. నౌకలలో తిరిగినవాడు గనుక దానిని భూమిపై నడచు ఓడయనియే పిలిచెను. మహాగని కొయ్యతో నిగనిగలాడు గోడలు, సుమారు 18 అడుగుల పొడవు. ముందు కూర్చుండు గది. పగటి సోఫాయే రాత్రి పడక. వెనుక చిన్న వంటగది. అందు నూనె పొయ్యి. పుస్తకములు, వాద్యములు, అద్దములు, పింగాణి పాత్రలు కూడ దానిలో అమర్చించెను. అంతయు చూడ ముచ్చటగానే ఉండెను గాని, బరువు సుమారు 2 టన్నులు తేలినది!

దానిని లాగినవి రెండు గుఱ్ఱములు. పరివారమున తోలువాడొకడు, సేవకుడొకడు, న్యూఫౌండ్లండు జాతి పెద్ద కుక్క ఒకటి, కాకటూ చిలుక ఒకటి. సేవకుడు మూడు చక్రముల సైకిలు మీద బండికి ముందుగా పోవుచు, ఎదురు వచ్చు బండ్లవారిని హెచ్చరించుచు, ముందున్న దారిని చూచి వచ్చుచుండెను. ఇట్లు ఇంగ్లండు దక్షిణభాగము నుండి బయలుదేరి, స్కాట్లండు పర్వతములను దాటి, ఉత్తరమున ఇన్వర్నెసు పట్టణము వరకును పోయిరి. మరుసటి ఏడు ఆయన ప్రకటించిన యాత్రాగ్రంథపు పేరులోనే 1300 మైళ్లు అని ఉన్నది.

1300 మైళ్లు గుఱ్ఱపు నడకతో పోయిన దూరమని గుర్తుంచుకొనవలెను. చదునైన బాట మీద 2 టన్నులను కదల్చుట వేరు. కొండ యెక్కించుట వేరు. అట్టి బండ్లకు ఆ కాలమున వెనుక చక్రమును అనుసరించి దొర్లునట్లు చిన్న కొయ్యరోలరు ఒకటి గొలుసుతో కట్టెడివారు. గుఱ్ఱములు ఊపిరి తీసికొనుటకు నిలిచినపుడు బండి వెనుకకు జారకుండ ఆ రోలరు చక్రమునకు అడ్డుపడును. దిగునపుడు చక్రము క్రింద ఇనుప చెప్పు వంటి పలకను పెట్టి, చక్రము తిరుగకుండ ఈడ్చుకొనిపోవునట్లు చేసెడివారు. లోపలి మహాగని పనితనమును మెచ్చుకొన్న పాఠకులు ఈ రోలరును, ఈ ఇనుప చెప్పును మరచిపోవుదురు. మా దృష్టిలో అవియే ఆ ఇంటిలో మిక్కిలి విలువైన సామగ్రి. స్టేబుల్సు స్వయముగా వైద్యుడు, జంతువులయందు ప్రేమ గలవాడు. కొండదారిలో గుఱ్ఱముల అలసటను చూచి, ప్రయాణపు వేగమును వానికి విడిచిపెట్టుట తప్ప ఆయనకు మరియొక మార్గము లేకపోయెను. సాయంకాలము కాకముందే ఒక రైతు పచ్చికబీటిలోనో, ఒక సత్రపు దొడ్డిలోనో అనుమతి అడిగి బండి విప్పుకొనుట ఆయన అలవాటు.

ఈ అనుమతి యను మాట వద్ద కొంచెము నిలువవలెను. చక్రముల యింటిలో కాపురముండుట ఇంగ్లండులో స్టేబుల్సు కనిపెట్టిన వింత కాదు. 19వ శతాబ్ది నడుమ నుండి రోమానీ జనులు, సంతలలో ఆటలాడువారు అట్టి బండ్లలో పిల్లలతో సహా జీవించుచునే ఉండిరి. ఈ రోమానీ జనుల పూర్వులు ఎన్నో శతాబ్దములకు ముందు మన దేశము నుండియే పడమటికి తరలిపోయిరని వారి భాషయే సాక్ష్యమిచ్చుచున్నది. నీటిని వారు నేటికిని పానీ అందురు. స్టేబుల్సు తనను తాను జిప్సీ పెద్దమనిషి యని వేడుకగా చెప్పుకొనెను. కాని ఆయన బండి విప్పిన పచ్చికబీటిలో నిజమైన జిప్సీ కుటుంబము బండి విప్పినచో పోలీసువాడు వచ్చి తరిమెడివాడు. అదే దశకమున, 1884 మొదలుకొని, జార్జి స్మిత్తు అను సంస్కర్త ప్రోద్బలముచే కదలు ఇండ్ల బిల్లు పార్లమెంటులో పలుమారులు ప్రవేశపెట్టబడినది. బండ్ల ఇండ్లను రిజిస్టరు చేయవలెను, తనిఖీ చేయవలెను అని దాని తాత్పర్యము. పిల్లల చదువు, ఆరోగ్యము ఆయన చెప్పిన కారణములు. ఆయన ఉద్దేశము మంచిదే కావచ్చును. బండిలో పుట్టి బండిలో పెరిగినవారు మాత్రము దానిని తమ బ్రతుకుపై దండయాత్రగా భావించి ఎదిరించిరి. బిల్లు చట్టము కాలేదు. ఒకే విధమైన ఇల్లు ఒకరికి వినోదమును, మరియొకరికి నేరమును అగుట ఈ చరిత్రలో మరల మరల కనబడును.

1907లో జె. హారిస్ స్టోన్ అనునాయన పూనికతో కారవాను క్లబ్బు ఏర్పడినది. స్టేబుల్సు దానికి ఉపాధ్యక్షుడుగా ఉండెను. అప్పటికిని గుఱ్ఱములదే రాజ్యము. మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట, 1919లో, బర్మింగ్‌హాములో రైలీ అను తండ్రియు కుమారుడును ఎక్లెస్ అను మోటారు రవాణా సంస్థను కొని, కారు వెనుక తగిలించు ఇండ్లను అమ్మకమునకు తయారుచేయ మొదలిడిరి. గుఱ్ఱము పోయి యంత్రము వచ్చినది. వెర్న్ ఏనుగు వచ్చినదనియే జనులు తలచి ఉందురు.

యంత్రము వచ్చిన వెంటనే మనుష్యుని స్వభావము బయటపడినది. గుఱ్ఱము రొప్పును, చెమటపట్టును, నిలిచిపోవును. దాని కష్టము కనబడును. యంత్రపు కష్టము మూతక్రింద దాగి ఉండును. ఇక సామాను పెంచుటకు అడ్డేమున్నది? 1910లో అమెరికాలో పియర్సు-ఆరో సంస్థవారు ఒక యాత్రా మోటారును ప్రదర్శించిరి. వెనుక ఆసనము విప్పినచో పడక; డ్రైవరు ఆసనపు వీపున మడత పెట్టిన చేతులు కడుగు తొట్టి; మలమూత్ర విసర్జనకు పాత్ర; డ్రైవరుతో మాటలాడుటకు టెలిఫోను. అంతవరకు మర్యాదగానే ఉన్నది. 1915లో రోలండు కాంక్లిను అను బస్సు కార్ఖానా యజమాని తన కుటుంబముతో న్యూయార్కు సమీపమున ఉన్న హంటింగ్టను నుండి శాన్‌ఫ్రాన్సిస్కోకు పోవుటకై కట్టించిన జిప్సీ వ్యాను మాత్రము పరాకాష్ఠ. 25 అడుగుల పొడవు, 8 టన్నుల బరువు. విద్యుద్దీపములు, వాని కొక జనరేటరు, పూర్తి వంటయిల్లు, రైలుపెట్టెలలో వలె పడకలు, చాటున పుస్తకాల బీరువా, గ్రామఫోను. ఇంటికప్పు మీద కూర్చుండుటకు తోట వంటి డాబా. పత్రికలు దానిని అరేబియా కథలలోని భూతములు కట్టిన భవనమువలె పొగడెను. ఆనాడు అమెరికాలో పట్టణము దాటగానే రోడ్లు చాలవరకు మట్టివి. వాన కురిసినచో బురద. 8 టన్నుల భవనమునకు బురదకంటె గొప్ప శత్రువు ఏది? స్టేబుల్సు బరువునకు నాలుగింతలు ఇది. ధనికుని ముచ్చట ధనికునితోనే ముగిసినది. దానిని చూచి సామాన్యులు నేర్చుకొనదగిన దేమియు మాకు కనబడుట లేదు.

సామాన్యునికి పనికివచ్చినది మరొక మార్గమున వచ్చినది. ఆర్థరు షెర్మను డెట్రాయిటు నగరమున సూక్ష్మజీవ శాస్త్రవేత్త, ఔషధ సంస్థాధిపతి. 1929 ప్రాంతమున ఆయన గుడారముగా విప్పుకొను ట్రెయిలరు నొకదానిని కొని, పిల్లలతో విహారమునకు పోయెను. 5 నిమిషములలో విప్పి నిలుపవచ్చునని అమ్మినవారు ప్రకటించిరి. ఆ రాత్రి వాన పట్టుకొన్నది. గుడారము ఎంతకును విచ్చుకొనలేదు. అందరును తడిసి ముద్దయిరి. పెండ్లివారి పందిరి వానలో కూలినపుడు ఇంటి యజమానికి వచ్చు కోపము వంటి కోపము ఆయనకు వచ్చి ఉండును. ఇంటికి రాగానే గట్టి అట్టపలకలతో, 6 అడుగుల వెడల్పు, 9 అడుగుల పొడవు గల ఒక పెట్టెయింటిని చేయించెను. ఎత్తు కారును మించనీయలేదు. విప్పుట లేదు, మడుచుట లేదు; తలుపు తీసి లోపలికి పోవుటయే. 1930 జనవరిలో డెట్రాయిటు మోటారు ప్రదర్శనమున దానిని 400 డాలర్ల వెలకు పెట్టెను. ఆ ఏడు 118 అమ్ముడుపోయినవి. 1936 నాటికి సంవత్సరమునకు సుమారు 6000 అమ్మెను. ఆర్థికమాంద్యము దేశమును పీడించుచున్న దినములలో ఇది జరిగినదని గమనింపవలెను. కొందరు దానిని విహారమునకు కొనిరి. కొందరు ఇల్లు పోగొట్టుకొని దానిలోనే కాపురముండిరి. ఆ ఊపును చూచి రోజరు బాబ్సను అను ఆర్థికవేత్త, 20 ఏండ్లలో అమెరికనులలో సగముమందికి పైగా ట్రెయిలరులలో కాపురము చేయుదురని జోస్యము చెప్పెను. జోస్యము తప్పినది. 1937 తరువాత వ్యాపారము పడిపోయి వందలాది తయారీదారులు తలుపులు మూసిరి.

బరువును జయించు ఉపాయము విమానములు కట్టినవారి చేతుల మీదుగా వచ్చినది. విమానపు పనివానికి ప్రతి తులమును లెక్కయే గదా! విమాన నిర్మాతలలో అగ్రగణ్యుడైన గ్లెన్ కర్టిసు ట్రెయిలరును కారునకు తగిలించుటకు ఒక వింత ఏర్పాటు చేసెను. కారు వెనుక భాగమున విమానపు రబ్బరు చక్రమును పడుకోబెట్టి, ఆ చక్రపు నడుమ ట్రెయిలరు ముక్కును గ్రుచ్చెను. కుదుపులన్నియు రబ్బరే మ్రింగును. హాలీ బౌలసు అను మరియొకడు గ్లైడర్లు కట్టువాడు. 1927లో లిండుబర్గు అట్లాంటికును దాటిన విమానపు నిర్మాణమును పర్యవేక్షించినవాడు. 1934లో ఆయన అల్యూమినియపు రేకులను రివెట్లతో కూర్చి, కోడిగ్రుడ్డు వలె నున్ననైన ట్రెయిలరును కట్టెను. గాలి దానిని పట్టుకొనుటకు మూలలు లేవు. అయితే తలుపును ముందువైపున, కారునకు తగిలించు కొక్కెము మీదనే పెట్టెను. ఎక్కుట దిగుట ఒక విద్య! సంస్థ నిలువలేదు. ఆ రూపమును వాలీ బయము అనునాయన గ్రహించి, తలుపును ప్రక్కకు మార్చి, 1936లో ఎయిర్‌స్ట్రీము క్లిప్పరు అను పేర అమ్మెను. నలుగురు పడుకొనవచ్చును, నీటి ఏర్పాటు, విద్యుద్దీపములు ఉన్నవి. వెల 1200 డాలర్లు. రెండవ ప్రపంచయుద్ధమున అల్యూమినియము విమానములకే కావలసివచ్చి ఆ పని ఆగినది. బయము కూడ విమానపు కర్మాగారములలోనే పనిచేసెను.

యుద్ధానంతరము, 1947లో తీసిన ఛాయాచిత్రము ఒకటి ప్రసిద్ధమైనది. ఆల్ఫ్రెడు లెటూర్నరు అను ఫ్రెంచి సైకిలు పందెగాడు తన సైకిలునకు ఎయిర్‌స్ట్రీము ట్రెయిలరును కట్టుకొని లాగుచున్న చిత్రమది. వ్యాపార ప్రకటనయే, సందేహము లేదు. చదునైన నేల మీదనే లాగి ఉండును. అయినను 2 టన్నుల మహాగని భవనము ముందు రొప్పుచున్న రెండు గుఱ్ఱములను తలచుకొని ఆ చిత్రమును చూచినచో, 62 ఏండ్లలో ఏమి మారినదో వేరే చెప్పనక్కరలేదు. ఇంటిలోని సుఖములను తగ్గించలేదు. ఇంటి ఎముకలను తేలిక చేసిరి.

బయము తన ట్రెయిలర్ల సత్తువను దుకాణములో కాక దారి మీద నిరూపింపదలచెను. 1959లో ఆయన నాయకత్వమున 41 ట్రెయిలర్లు దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌను నుండి బయలుదేరి, ఆఫ్రికా ఖండమును పొడవునను దాటి, మరుసటి యేడు కైరోను చేరి, పిరమిడ్ల చెంత విడిసినవి. వచ్చినవారిలో పలువురు ఉద్యోగవిరమణ చేసిన వృద్ధదంపతులు. త్రోవ లేనిచోట త్రోవ చేసికొనుచు, బురదలో దిగబడిన ఇంటిని ఇరుగుపొరుగు ఇండ్లవారందరు కూడి బయటికి లాగుచు సాగిరి. ఇథియోపియాలో హైలీ సెలాసీ చక్రవర్తి వారిని చూచెను. ఒంటరిగా పోయినచో ఎవడును గట్టెక్కు దారి కాదది. కాశీకి గుంపుగా పోవు మన పూర్వుల ఆచారము ఈ అమెరికనులకు ఎవరు చెప్పిరో!

ఇక లాగుటలోని మర్మము. కారు వెనుక రెండు చక్రముల ఇంటిని తగిలించుట చూచుటకు సులభము. ఒక గుండు, దానిపై ఒక గిన్నె, ఒక గొలుసు. ప్రమాదము సామాను సర్దుటలో ఉన్నది. బరువైన వస్తువులను ఇంటి వెనుక భాగమున ఉంచినచో ముక్కు పైకి లేచును. అప్పుడు వేగము హెచ్చిన కొలది ఇల్లు తోకవలె అటునిటు ఊగుటకు మొదలిడును. ఒక పెద్ద లారీ ప్రక్కనుండి పోయిన గాలివిసురు చాలును. ఊపు ఊపునకు పెరిగి, తోకయే కుక్కను ఆడించినట్లు కారును కూడ రోడ్డు దించును. ముందు బరువు మితిమీరినచో కారు వెనుక భాగము క్రుంగి, ముందు చక్రములకు నేల పట్టు తగ్గును, చుక్కాని తేలిపోవును. అందుచేత మొత్తము బరువులో నూటికి 10 మొదలు 15 పాళ్లు కొక్కెము మీద పడవలెనని అమెరికనులును, 5 మొదలు 7 పాళ్లు చాలునని ఐరోపావారును లెక్క కట్టిరి. రెండు దేశముల వేగములు, కార్ల పొంకములు వేరు గనుక అంకెలు వేరైనవి. బరువు ఇరుసు మీద నిలిపి, కొంచెము ముందునకు మొగ్గునట్లు ఉంచవలెనను సూత్రము మాత్రము ఒక్కటే. మా తాతగారు బియ్యపు మూటను ముందునకు జరిపినది ఈ సూత్రము చొప్పుననే. ఆయన అంకెలు ఎరుగరు. ఎడ్ల మెడలను ఎరుగుదురు.

ఊపు మొదలైనపుడు ఏమి చేయవలెను? కంగారుపడి గట్టిగా బ్రేకు వేసినవాడు చెడును. వేగము పెంచి తప్పించుకొనజూచువాడును చెడును. చుక్కానిని నిదానముగా నిలిపి పట్టుకొని, పెట్రోలు మీది కాలిని తీసి, వేగమును దానంతటది తగ్గనీయవలెను. కొండ దిగునపుడు గేరు తగ్గించుకొని యంత్రము చేతనే వేగమును పట్టించవలెను గాని, బ్రేకును ఎడతెగక త్రొక్కరాదు. వేడెక్కిన బ్రేకు పట్టదు. స్టేబుల్సు కాలపు ఇనుప చెప్పు చేసిన పనిని ఇప్పుడు గేరు చేయుచున్నది.

లాగు బెడద వలదనువారికి తానే నడచు చిన్న ఇల్లు వచ్చినది. జర్మనీలో 1950లో ఫోక్సువాగను వ్యాను బయలుదేరినది. మరుసటి ఏడే వెస్టుఫాలియా సంస్థవారు దానిలో అమర్చుటకు పడక, బీరువా, పొయ్యి గల పెట్టెను చేసిరి. పగలు సరకుల బండి, సెలవులలో సంసారము. ఐరోపా నుండి టర్కీ, ఇరాను, ఆఫ్గనిస్థానముల మీదుగా యువకులు పలువురు అట్టి వ్యానులలో మన దేశమునకు వచ్చిరి. 1979లో ఇరాను విప్లవము, ఆఫ్గనిస్థానమున సోవియెట్టు సేనల ప్రవేశము ఆ దారిని మూసివేసినవి.

మన తెలుగు రోడ్లు కూడ ఒక మోటారు ఇంటిని ఎరుగును. 1982లో నందమూరి తారక రామారావుగారు పాత షెవర్లే వ్యానును మార్పించి, చైతన్యరథమను పేరిట ఆంధ్రదేశమంతయు తిరిగిరి. తోలినవాడు కుమారుడు హరికృష్ణ. నిద్ర, భోజనము, వేషధారణ అన్నియు దానిలోనో, దాని నీడనో; ఉపన్యాసము దాని కప్పు మీద. రాజకీయము ఈ వ్యాసమునకు సంబంధింపదు. ఇంటిని వేదికగా చేసికొని తిరుగుట మాత్రము ఈ చరిత్రలో చెప్పదగిన విశేషము.

ప్రయాణ సన్నాహములను గూర్చి అడుగువారికి మేము మొదట చెప్పునది, ఇల్లు కొన్ననాటి బరువును నమ్మవద్దని. సామాను, నీరు, మనుష్యులు అందరును చేరిన తరువాత కాటా మీదికి తీసికొనిపోయి తూచవలెను. ఒక లీటరు నీరు ఒక కిలో. 100 లీటర్ల తొట్టిని నింపినచో ఒక బస్తాడు బియ్యమును ఇంటిలో పెట్టుకొని తిరుగుటయే. మార్గమధ్యమున నీరు దొరకు చోట్లు తెలిసినచో సగము తొట్టి చాలును. పైకప్పు మీద కొత్తగా ఏదేని అమర్చుకొనువారు, అది ఎంత బరువో, ఇల్లు ఎంత ఎత్తు పెరుగునో చూచుకొనవలెను. ఎత్తున ఉన్న బరువు మలుపులలో ఇంటిని ఒరగించును. వంతెనల క్రింద తగులును. ఇప్పుడు విద్యుత్తు బ్యాటరీతో నడచు కార్లు వచ్చినవి. ట్రెయిలరును తగిలించినచో అవి ఒక్క చార్జికి పోవు దూరము సగము వరకు తగ్గుట సామాన్యము. స్టేబుల్సు గుఱ్ఱముల రొప్పు ఇన్నాళ్లకు మరల కంటికి కనబడుచున్నది, ఈ మారు కారులోని అంకెల అద్దము మీద!

రాత్రి చలికి తలుపులు బిగించి లోపల పొయ్యి వెలిగించుకొని నిద్రపోరాదు. బొగ్గుపులుసు గాలి కంటె ప్రమాదమైన కార్బను మొనాక్సైడు, వాసన లేని విషము, అందరిని నిద్రలోనే కబళించును. కదలునపుడు గ్యాసు సిలిండరును మూసి ఉంచవలెను. చీకటి పడకముందే బస చూచుకొనవలెను.

బయలుదేరిన తరువాత 50 మైళ్లు మించకముందే ఒకచోట ఆపి, చక్రముల మరలు బిగువుగా ఉన్నవో లేదో, కొక్కెము, గొలుసు సరిగా ఉన్నవో లేదో చూడవలెనని ట్రెయిలరు పుస్తకములు ఆదేశించును. మా తాతగారు ఊరి పొలిమేర దాటగానే బండి ఆపెడివారు. మేమందరము దిగవలసినదే. ఆయన చుట్టును తిరిగి చక్రపు చీలలను వేలితో కదల్చి చూచి, ఎడ్ల మెడల క్రింద చేయి పెట్టి తడిమి, నాయనమ్మతో, "ఆ రోలు ఎందుకే? రాతి రోలు తిరునాళ్లలో దొరకదా?" అనెడివారు. ఆమె ఏమియు మాటలాడెడిది కాదు. రోలు దిగి, పొలిమేర చింతచెట్టు క్రింద మేము తిరిగి వచ్చువరకును కూర్చుండెడిది.